బండిలో ఉజ్జీవం

జూన్ 2, ఆదివారం

బయలుదేరింది 8.10. చేరింది 9.20. ప్రయాణికులు 8. విశేషాలు: సీట్లు మారాయి.

కొత్త డైరీ. పాతది ఇంకా సగం మిగిలే ఉంది గానీ అందులో గీతలు మరీ పలచగా అచ్చువేశారు. రాస్తుంటే వాక్యం మెట్లు దిగినట్టు కిందికి పోతోంది. దీంట్లో గీతలు నిక్షేపంగా ఉన్నాయి. ముప్పై ఆరేళ్ళు బస్సు నడిపి, రోజూ డిపోలో ట్రిప్పు షీటు నింపిన చెయ్యి రిటైరయ్యాక కూడా ఊరుకోదు. బస్సు పోతే పోయింది, చర్చి వ్యాను ఉంది. నడవలేనివాళ్ళని, తోడు లేనివాళ్ళని ఆదివారం ఆరాధనకి తీసుకెళ్ళి మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం నా పరిచర్య. నాకు పాట రాదు, ప్రసంగం రాదు. స్టీరింగు తిప్పడం వచ్చు. ప్రభువు ఎవరి దగ్గర ఏముంటే దాంతోనే పని చేయించుకుంటాడు.

ఇక సీట్ల సంగతి. ఇన్నాళ్ళూ నా పక్క సీటు టీచరమ్మది. ఎనభై ఒక్కేళ్ళ లెక్కల టీచరు, సగం ఊరు ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నదే. అలాంటిది ఈరోజు చెప్పాపెట్టకుండా వెనక ఎడమ కిటికీ దగ్గరకి మారిపోయింది. కుట్టుమిషను అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఎప్పుడూ ఒకరినొకరు అంటుకుని కూర్చునేవాళ్ళు. ఈరోజు పెద్దావిడ కుడి కిటికీ దగ్గర, చిన్నావిడ చిట్టచివర వెనక అద్దం దగ్గర.

"ఏమిటమ్మా, పోట్లాడుకున్నారా?" అని అడిగాను.

"లేదన్నయ్యా, గాలి కోసం" అంది పెద్దావిడ. కిటికీ మాత్రం తియ్యలేదు.

నా పక్కకి మేస్త్రి వచ్చాడు. పియానోలు, హార్మోనియంలు శ్రుతి చేస్తాడు. పుట్టుకతోనే చూపు లేదు. గంటకు పైగా ప్రయాణం కదా, కాసేపు కునుకు తియ్యమన్నాను.

"కదిలే బండిలో నేను నిద్రపోను డ్రైవరు గారూ. చెవులు మూసుకుంటే నేనెక్కడున్నానో నాకే తెలియదు" అన్నాడు.

జూన్ 5, బుధవారం

మునిసిపాలిటీకి ఉత్తరం రాశాను. మిల్లు రోడ్డు మీద తెల్లగీతలు పూర్తిగా చెరిగిపోయాయి, వెంటనే వేయించండి అని. పన్ను కట్టించుకోవడం తెలిసినంతగా రంగు వేయించడం తెలియదు వీళ్ళకి.

జూన్ 9, ఆదివారం

బయలుదేరింది 8.10. చేరింది 9.20. ప్రయాణికులు 8. విశేషాలు: ఉజ్జీవం.

అవును, ఉజ్జీవమే, చల్లారిన భక్తి మళ్ళీ రగలడం. ఇంకో మాట దొరకడం లేదు. నాలుగేళ్ళుగా ఈ బండిలో మోకాళ్ళ నొప్పుల గురించి, కోడళ్ళ గురించి తప్ప వేరే మాట విన్న పాపాన పోలేదు. ఈరోజు రైల్వే గేటు దాటుతుంటే పెద్దావిడ "ప్రభువా, ప్రభువా" అని ఎలుగెత్తి ప్రార్థన అందుకుంది. మిల్లు మలుపు దగ్గర చిన్నావిడ కలిసింది. సంత రోడ్డుకి వచ్చేసరికి రిటైరైన పోస్టుమాను గారు కూడా. ఆయన ఆరాధనలో ఆమెన్ అనడానికే మొహమాటపడే మనిషి, అలాంటిది ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని కన్నీళ్ళతో పిలిచాడు ప్రభువుని.

అద్దంలో చూస్తే అందరూ కళ్ళు తెరుచుకునే ప్రార్థిస్తున్నట్టు అనిపించింది. అంత లీనమైనవాళ్ళకి కళ్ళు మూసుకోవాలని కూడా గుర్తుండదు కాబోలు.

టీచరమ్మ ప్రార్థన వేరు. "ఎడమ పక్క సైకిలు మీద వెళ్తున్న ఆ అబ్బాయిని కాపాడు దేవా, ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ణి, పది గజాల దూరంలో ఉన్నవాణ్ణి" అని ఆనవాళ్ళతో సహా ప్రార్థిస్తుంది. దారినపోయే వాళ్ళ కోసం కూడా ఆవిడ మనసులో అంత భారం. నాకు సిగ్గేసింది. నేనైతే ఆ సైకిలును గమనించనే లేదు.

జూన్ 12, బుధవారం

మా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.

"కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్దామండీ. టీలో పంచదార అనుకుని ఉప్పు వేసుకున్నారు నిన్న."

రెండు డబ్బాలూ ఒకేలాంటివి కొన్నది ఎవరో అడగాల్సింది. అడగలేదు. "నా వైద్యుడు ప్రభువే" అన్నాను. పోయినేడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను, అరవై నాలుగేళ్ళలో నా నాలుక మాత్ర రుచి ఎరగదని. ఇప్పుడు వెళ్ళి చుక్కల మందు వేయించుకుంటే ఆ సాక్ష్యం ఏమైనట్టు?

"ముప్పై ఆరేళ్ళు బస్సు నడిపారు. బ్రేకు పాడైతే షెడ్డుకి తీసుకెళ్ళేవారా, బోనెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారా?"

"రెండూ" అన్నాను.

"మరి కళ్ళకి ఒకటే చేస్తున్నారేం?"

దీనికి జవాబు ఉంది. రాయడానికి ఇప్పుడు వీలు లేదు, లైటు మసకగా ఉంది. ఈ ఇంట్లో బల్బులు కూడా చవకబారువే కొంటుంది.

జూన్ 16, ఆదివారం

బయలుదేరింది 8.10. చేరింది 9.20. ప్రయాణికులు 8. ఉజ్జీవం కొనసాగుతోంది.

పాస్టరు గారు ఈరోజు తుఫానులో పడవ గురించి చెప్పారు. శిష్యులందరూ నశించిపోతున్నామని కేకలు వేస్తుంటే ప్రభువు వెనక దిండు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ నిద్రే విశ్వాసం అన్నారు. చిన్నవాడు, ఇంకా ముప్పై మూడే, లోతు తెలియాలంటే టైము పడుతుంది. ఆ కేకలు ఉన్నాయే, అవీ విశ్వాసమే. ఒకసారి నా బండిలో కూర్చుంటే తెలిసేది ఆయనకి.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర సంఘ పెద్ద గారికి వందనాలు చెప్పాను. పలకలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను. అప్పటికీ పలకలేదు. ఎవరో వచ్చి ఆయన్ని కొక్కెం మీంచి తీసి తొడుక్కుని వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర రెయిన్‌కోట్లు తగిలించకూడదని కమిటీలో చెప్పాలి.

జూన్ 18, మంగళవారం

మునిసిపాలిటీ జవాబు. మిల్లు రోడ్డులో తెల్లగీతలు మే నెలలోనే కొత్తగా వేశారట. మా ఆవిడ చదివి వినిపించి, కాగితం మడిచి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టింది. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

జూన్ 23, ఆదివారం

బయలుదేరింది 8.10. చేరింది 9.20. ప్రయాణికులు 8.

ఈరోజు సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. ఉజ్జీవం గురించి. పాస్టరు గారు "ఇంకో వారం ఆగుదాం బాబాయి గారూ" అన్నారు గానీ, దేవుడు చేసిన మేలు దాచిపెట్టడం మంచిది కాదని నేనే లేచాను.

అంతా చెప్పాను. రైల్వే గేటు దగ్గర ఎలా మొదలవుతుందో, మలుపు మలుపుకీ ఎలా పెరుగుతుందో, వర్షం పడిన రోజు ఏకంగా మోకాళ్ళ మీదికి ఎలా వచ్చేస్తారో. "నా బండి ఎక్కిన ఏ ఒక్కరూ ప్రార్థన చెయ్యకుండా దిగడం లేదు" అన్నాను. సంఘమంతా తలలు దించుకుంది. వరస వరసంతా భుజాలు అదిరిపోతున్నాయి. కుట్టుమిషను పెద్దావిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నా సాక్ష్యానికి మనుషులు ఇంతగా ఏడవడం ఇదే మొదటిసారి. దేవునికి స్తోత్రం.

పాస్టరు గారు మాత్రం కళ్ళు పైకెత్తి నా వైపే చూస్తూ కూర్చున్నారు.

జూన్ 27, గురువారం

పోస్టుమాను గారు ఫోను చేశాడు. ఇక నుంచి ఆదివారాలు నడిచి వస్తాడట. కాళ్ళకి వ్యాయామం కావాలన్నారట డాక్టరు. చేతికర్రతో మూడు కిలోమీటర్లు. మంచిదే, ఆరోగ్యం ముఖ్యం.

మంచిదే.

జూన్ 30, ఆదివారం

బయలుదేరింది 8.10.

జూలై 1, సోమవారం

నిన్న రాయలేకపోయాను. ఈరోజు రాసెయ్యాలి. రాయకపోతే రేపటికి వేరే కథ అల్లేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మొదటి స్టాపు మేస్త్రిది. బండిలో నేనొక్కణ్ణే. వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ఎండ ఎదురుగా వచ్చి అద్దమంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. కొన్ని నెలలుగా అక్కడ అలాగే అవుతోంది. ఎప్పటిలాగే మలుపు నుంచి ఇరవై లెక్కపెట్టి ఆపుదామనుకున్నాను. పద్ధెనిమిది దగ్గర బోనెట్ మీద ఠంగుమని దెబ్బ పడింది. బ్రేకు తొక్కాను. దిగి చూస్తే బంపరుకీ మేస్త్రి మోకాళ్ళకీ మధ్య జానెడు. ఆయన ఫుట్‌పాత్ మీదే ఉన్నాడు, గేటు పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే. ఫుట్‌పాత్ ఎక్కింది నేను. ఆయన చప్పుడు విని కర్ర ఎత్తి కొట్టాడు కాబట్టి సరిపోయింది.

నేను బంపరు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని బండి ఎక్కించి, తను పక్కన కూర్చున్నాడు.

"ఇంజను ఆపండి డ్రైవరు గారూ."

ఆపాను.

"మీకు కనబడటం లేదు" అన్నాడు.

ఎండ అన్నాను. ఎండే అని రెండోసారి కూడా అన్నాను.

"మీరు మలుపుకి ముందు తల పక్కకి వంచి వింటున్నారు. మీ గొంతు వచ్చే వైపు మారుతుంది, నాకు తెలుస్తుంది. చర్చి మెట్ల దగ్గర కాలు ఆనించి చూసుకుంటున్నారు. స్టాపు స్టాపుకీ లోపల లెక్కపెట్టుకుంటున్నారు, పెదవుల చప్పుడు వినిపిస్తుంది. ఇవన్నీ మా వాళ్ళ అలవాట్లండీ. చూపున్నవాళ్ళకి వీటితో పని లేదు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఫిబ్రవరి నుంచి."

"బండిలో అందరికీ తెలుసా?"

"మొన్న సీట్లు పంచింది టీచరమ్మే. ఎడమ పక్క ఆవిడది, కుడి పక్క పెద్దావిడది, వెనక చిన్నావిడది. ముందు ఏం వస్తోందో వినడం నా పని. అందరం కలిసి ఒక డ్రైవరు చూపు పూర్తి చేద్దామనుకున్నాం."

"మరి ఆ ప్రార్థనలు?"

"అవి నిజమైనవేనండీ. అంత నిజంగా నా జన్మలో ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు."

నాకు నవ్వొచ్చింది. సంఘం ముందు నిలబడి చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చి, అదిరిపోయిన ఆ భుజాలు గుర్తొచ్చి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ఉన్నాననుకున్నాను. మేస్త్రి నా వీపు మీద చెయ్యి వేశాక తెలిసింది, ఏడుస్తున్నానని.

"ముందే ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"బండి పోతే మీరేమైపోతారో అని. ఇది ప్రేమ అనుకున్నాం. చెప్పడానికి ధైర్యం చాలక దానికి ఆ పేరు పెట్టుకున్నాం. మీ తప్పు ఎంతో మా తప్పూ అంతే."

ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ నడుచుకుంటూ వచ్చింది. డ్రైవరు సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, "బెల్టు పెట్టుకోండి మేస్త్రి గారూ" అంది. పెళ్ళికి ముందు ఆవిడ పాల కంపెనీ వ్యాను నడిపేది. నేను మొదటిసారి చూసింది ఆ వ్యాను అద్దంలోంచే. లైసెన్సు ఇన్నేళ్ళూ రెన్యూ చేయించుకుంటూనే ఉంది. ఇంట్లో డ్రైవరు ఉండగా నీకెందుకు శ్రమ అని స్టీరింగు ముట్టుకోనివ్వనిది నేనే.

నేను ఇంటికి నడిచి వచ్చాను. గోడ పట్టుకుని.

జూలై 2, మంగళవారం

బండి తాళం పాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నేను ముందే చెప్పాల్సింది బాబాయి గారూ. మార్చిలోనే టీచరమ్మ నా దగ్గరకి వచ్చింది. ఈ వారం, వచ్చే వారం అని వాయిదా వేశాను. మీరు సాక్ష్యం చెప్పిన రోజు అందరూ నవ్వాపుకుంటున్నారు, నాకు మాత్రం చెమటలు పోశాయి. నన్ను క్షమించండి."

ఆయన క్షమాపణ అడుగుతాడని అనుకోలేదు. కడుపులో ఉన్నది బయటికి వచ్చేసింది.

"బండి లేకపోతే సంఘానికి నేనెందుకు పనికొస్తానయ్యా? నాకు పాట రాదు, ప్రసంగం రాదు."

"ఎనిమిది మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నాలుగు నెలలు ప్రతి ఆదివారం మీ బండి ఎక్కారు. బండి మానేసే దారి ఉందిగా, పోస్టుమాను గారు మానలేదా? వాళ్ళు ఎక్కింది బండి కోసమంటారా?"



జూలై 4, గురువారం

కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరిపోయాయట. చార్టు మీద మొదటి అక్షరం చదవమంది డాక్టరమ్మ. చార్టు ఎక్కడుందని అడిగాను. మా ఆవిడ కుర్చీలో నుంచి లేచి బయటికి వెళ్ళిపోయింది.

మంగళవారం ఎడమ కన్ను, నెల తర్వాత కుడిది. అరగంట పని అట. పళ్ళు పీకడం కంటే తేలిక అట. ఎవరి పళ్ళో.

జూన్ పన్నెండున రాయని జవాబు ఇప్పుడు రాస్తాను. లైటు సంగతి కాదు. మా నాన్నకి కంటి ఆపరేషన్ అయినప్పుడు నాకు పదకొండేళ్ళు. కట్టు విప్పాక ఆయన నన్ను పిలిచి, నేను లేని వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలా గాల్లో ఉండిపోవడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మిగిలినవన్నీ మసకబారాయి గానీ అది మసకబారలేదు.

ప్రభువా, నీ మీద నమ్మకం అని అందరికీ చెప్పింది నమ్మకం కాదు, భయం. దానికి తెల్లబట్టలు కట్టి నీ ముందుకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నీకు తెలిసే ఉంటుంది. నాకు భయంగా ఉంది.

ఇంతవరకు ఇలా ప్రార్థన చెయ్యలేదు. పొట్టిగా ఉంది, కానీ తేలిగ్గా ఉంది.

జూలై 7, ఆదివారం

బయలుదేరింది 8.10. చేరింది 9.12. ప్రయాణికులు 9, నాతో కలిపి.

మా ఆవిడ నడిపింది. వెనక సీటులో కూర్చోవడం నా బతుకులో ఇదే మొదలు. పోస్టుమాను గారు కూడా తిరిగొచ్చాడు, కాళ్ళ వ్యాయామం అయిపోయిందట. అందరూ మోకాళ్ళ నొప్పుల గురించి, కోడళ్ళ గురించి కబుర్లలో పడ్డారు. ప్రార్థన చేసింది నేనొక్కణ్ణే. పాల వ్యాను నడిపిన మనిషి, పాలు విరగకముందే చేర్చాలన్న అలవాటు ఇంకా పోలేదు. మిల్లు మలుపు తిప్పిన తిప్పుకి ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమన్నయ్యా, ఉజ్జీవమా?" అంది కుట్టుమిషను పెద్దావిడ.

బండంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. దిగేటప్పుడు టీచరమ్మ నా చెవి పట్టుకుని మెల్లగా మెలిపెట్టింది.

"ఇది ఫిబ్రవరిలో చెయ్యాల్సిందిరా అబ్బాయీ. నీ చెవి దాకా వచ్చి ఆగిపోయాను" అంది.

జూలై 10, బుధవారం

ఆయన చెప్తుంటే నేను రాస్తున్నాను. ఎడమ కంటికి కట్టు ఉంది, కుడి కంటితో ఎలాగూ ఏమీ కనబడదు. రాయమన్నది ఇది: ఆపరేషన్ నిన్న అయింది. నొప్పి లేదు. ధైర్యంగా ఉన్నాను.

ఇక్కడి నుంచి నేను. ధైర్యంగా ఏమీ లేరు. లోపలికి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు, గాజులు గుచ్చుకుని మణికట్టు మీద మచ్చలు పడ్డాయి. వెనక పేజీలు చూడొద్దని ఒట్టు వేయించుకున్నారు. చూడలేదు. అంతంత అక్షరాలు రాస్తే చూడక్కర్లేదు, వంటింట్లోంచి కనబడుతున్నాయి. బల్బుల గురించి రాసింది గుర్తుపెట్టుకుంటాను.

ఏం రాస్తున్నావు ఇంతసేపు అని అడుగుతున్నారు. స్తోత్రం అని రాశానని చెప్పాను.

జూలై 11, గురువారం

కట్టు విప్పారు.

మా ఆవిడ చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను. మొదటిసారికే.

జూలై 17, బుధవారం

మేస్త్రి చూడటానికి వచ్చాడు. ఇంకో కన్ను అయ్యేదాకా నన్ను టీ కూడా కాయనివ్వడం లేదు మా ఆవిడ అని చెప్పుకుని బాధపడ్డాను. ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, మా వంటింట్లోనే, కళ్ళు మూసుకుని టీ పొయ్యడం నేర్పించాడు. కప్పు అంచు లోపల వేలి కొన పెట్టి, టీ వెచ్చగా తగలగానే ఆపాలి. మొదటి రెండు కప్పులూ బల్ల తాగింది. మూడోది మేము తాగాం.

"నేను బండిలో పనికిరాననుకునేవాణ్ణి డ్రైవరు గారూ. ఇన్నేళ్ళూ ఎక్కడం, దిగడం, అంతే. ముందు సీటులో కూర్చోబెట్టి నీ చెవులు కావాలని టీచరమ్మ అన్న రోజు, తప్పే అని తెలుసు, అయినా ఆ రాత్రంతా సంతోషంగా ఉన్నాను" అన్నాడు.

నేను ముప్పై ఆరేళ్ళు, ఆపైన నాలుగేళ్ళు మనుషుల్ని ఎక్కించి దించాను. వాళ్ళలో ఎవరికైనా ఒక పని చెప్పాలని ఏనాడూ తోచలేదు. చేసేవాణ్ణి నేను, చేయించుకునేవాళ్ళు వాళ్ళు అనుకున్నాను. అలా అనుకోవడంలో నాకు సుఖం ఉంది.

ఆగస్టు 6, మంగళవారం

కుడి కన్ను. ఈసారి ఆవిడ గాజులు తీసేసి వచ్చింది.

ఆగస్టు 22, గురువారం

కొత్త కళ్ళజోడు. మిల్లు రోడ్డుకి నడిచి వెళ్ళాను. గీతలు ఉన్నాయి. మల్లెపూవంత తెల్లగా, తిన్నగా, రోడ్డు చివరిదాకా ఉన్నాయి. మునిసిపాలిటీకి ఉత్తరం రాశాను, చాలా బాగా వేశారు, ధన్యవాదాలు అని. వాళ్ళకి నేనంటే పిచ్చివాణ్ణన్న నమ్మకం ఇప్పుడు స్థిరపడి ఉంటుంది.

డైరీ మొదటి నుంచి చదివాను. ఒక్కో అక్షరం కోడిగుడ్డంత. పేజీకి ఆరు లైన్లు. ఇలా రాస్తున్నానని నాకు తెలియదు. తెలుసేమో.

మా ఆవిడ ముఖం మీద ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయో. కూర్చోబెట్టి చూశాను. "ఏమిటండీ ఆ చూపు" అని కసురుకుంది గానీ లేచిపోలేదు.

సెప్టెంబర్ 18, బుధవారం

లైసెన్సు ఆఫీసులో కళ్ళ పరీక్ష. చార్టు అడుగు వరసదాకా చదివి, మూలన సన్నగా ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాను. గుమాస్తా చాలు అన్నాడు.

పాస్టరు గారు తాళం ఇచ్చారు. ఒక షరతు పెట్టమని నేనే అడిగాను. ఆరు నెలలకోసారి డాక్టరు కాగితం ఆయన బల్ల మీద పెట్టాలి, పెట్టకపోతే తాళం మా ఆవిడకి. వారం విడిచి వారం ఎలాగూ ఆవిడే నడుపుతుంది. ఒప్పుకోకపోతే ఉప్పూ పంచదారా ఒకే డబ్బాలో పోస్తానంది.

సెప్టెంబర్ 22, ఆదివారం

బయలుదేరింది 8.10.

మొదటి స్టాపులో మేస్త్రి కర్రతో బోనెట్ మీద టక్కుమని చిన్నగా తట్టి, "అలవాటు తప్పకూడదని" అన్నాడు. నేను గేటుకి నాలుగు గజాల ముందే ఆపాను. తర్వాత అందరూ ఎక్కారు. టీచరమ్మ ముందు సీటు మేస్త్రికే ఇచ్చేసింది. ఇంటి నంబర్లు ఒక్కొక్కటీ గట్టిగా చదివాను, "ఇంక చాల్లేరా" అని ఆవిడ అనేదాకా.

రైల్వే గేటు వచ్చింది. పెద్దావిడ ఎలుగెత్తుతుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. ఎవరూ పలకలేదు. మిల్లు మలుపు దగ్గరా అంతే. సంత రోడ్డు, అంతే. ప్రార్థన సరే, మోకాళ్ళ ఊసు లేదు, కోడళ్ళ ఊసు లేదు. బండి ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. నా మీద నమ్మకం లేక బిగుసుకుపోయి కూర్చున్నారేమో అనుకున్నాను. తిన్నటి రోడ్డు రాగానే అద్దంలోకి చూశాను.

టీచరమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కుట్టుమిషను అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఒకచోట చేరారు, తలకి తల ఆనించి నిద్రపోతున్నారు. పోస్టుమాను గారు గురక పెడుతున్నాడు. చివరి వరసదాకా స్పష్టంగా, ఒక్కొక్కరి కనురెప్పలు కూడా కనిపించాయి. అన్నీ మూసుకునే ఉన్నాయి.

పక్కకి చూశాను. మేస్త్రి గడ్డం ఛాతీకి ఆనుకుంది. చేతిలోని కర్ర జారి గేరు పక్కన చప్పుడు చేస్తూ పడింది. ఆయన లేవలేదు.

ఆ దిండు మీద నిద్ర గురించి పాస్టరు గారు ఏం చెప్పారో నాకు అప్పుడు అర్థమైంది. మిగిలిన దారంతా నేను ప్రార్థన చేశాను, బయటికి వినపడకుండా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చర్చి గేటు లోపలికి 9.20కే వచ్చాం. ఇంజను ఆపి అలాగే కూర్చున్నాను. లోపల పాట మొదలైంది.

చేరింది 9.24. ప్రయాణికులు 8. నాలుగు నిమిషాలు ఆలస్యం. కారణం: లేపబుద్ధి కాలేదు.